పదకొండో నిబంధన

కాగితం మీద ఈ కాలిబాట వెడల్పు ఆరడుగులు.
టేపు ఒక కొన పట్టుకుని నేను రోడ్డంచున నిలబడ్డాను.
రెండో కొనతో గోడవైపు బయల్దేరిన యతిరాజులు
ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు ఒక భుజం,
చెరుకురసం మిషనుకు ఇంకో భుజం తగిలి
ఇక పోలేక
అక్కణ్ణించే అరిచాడు:
"సార్, రెండడుగుల నాలుగంగుళాలు!"

అదే రాసుకున్నాను.
సామాన్లు మోసే మరపెట్టెలకు
కట్టుబాట్లు రాయమని పైనించి ఉత్తరువు.
ఆరు చక్రాలు, ఒక మూత, ముందర రెండు గాజుకళ్లు.
తిరుపతి స్టేషను నించి సత్రం దాకా
సూటుకేసులు అవే తెస్తాయి,
యజమాని చేతులూపుకుంటూ ముందు పోతాడు.

మొన్న ఒకటి
చెరుకుపిప్పి కుప్ప దగ్గర ఆగిపోయింది.
ముందుకు పోదు, వెనక్కి రాదు.
"దయచేసి దారి ఇవ్వండి" అంటుంది,
పిప్పితో.
మధ్యాహ్నానికి ఎవరో దానికి బొట్టు పెట్టారు.
పొద్దుగూకేసరికి మూత మీద
పద్నాలుగు రూపాయల చిల్లర, ఒక నిమ్మకాయ.
వెతుక్కుంటూ వచ్చిన యజమానికీ
రసం బండివాడికీ
ఆ చిల్లర దగ్గర తగువు.
దీనికో నిబంధన రాయాలా వద్దా
ఇప్పటికీ తేల్చుకోలేదు నేను.

తక్కినవి రాశాను.
వేగం, మనిషి నడకను మించరాదు.
ఏ మనిషి?
కొండ మెట్లు దిగి వచ్చిన మోకాళ్లదా,
రైలు కూత విన్నవాడిదా?
కొట్టేసి, ఒక అంకె వేశాను.
చీకట్లో దీపం. వెనక నంబరు పలక.
పాదచారికి దారి వదలాలి.
పాదచారి అంటే నడిచేవాడని నిర్వచనం.
గోడవార కూర్చున్నవాడు, గోనె పరుచుకు పడుకున్నవాడు,
ఒళ్లో తట్ట పెట్టుకుని కనకాంబరాలు కట్టే ఆమె
అందులోకి రారని
రాత్రి అన్నం కలుపుతుంటే తోచింది.
చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

పదకొండు: మోయదగిన బరువు.
అక్కడ ఖాళీ వదిలాను.

స్టేషను ముందర
చుట్టకుదురు మీదే కూర్చునుంటుంది కన్నెమ్మ,
బేరం తగిలితే అదే నెత్తికెక్కుతుంది.
"ఎంత బరువైతే మొయ్యచ్చు కన్నెమ్మా?"
"యంత్రానికా, నాకా?"
"యంత్రానికే."
"దానికి మెడ యాడుండాది సార్, నన్నడగతా ఉండావు?"
నవ్వింది. కాసేపు ఊరకుండింది.
"ఇరవై ఎనిమిది.
అది దాటితే రేతిరికి కుడిచెయ్యి తిమ్మిరెక్కతాది,
పొద్దన్నే చెంబు నిలవదు.
ముప్పై అయిదు మోసినాలే,
మా చిన్నోడు కడుపులో ఉండంగ.
వాడికిప్పుడు ఇరవైమూడు.
రేణిగుంట రోడ్డులో ఆ పెట్టెలకే
చక్రాలు మారస్తా ఉండాడు."

ఇరవై ఎనిమిది కిలోలు అని నింపాను.

"ఈ అంకె ఎక్కడిది?
కంపెనీవాళ్లు అరవై అడుగుతున్నారు," అన్నారు పైఅధికారి.
"క్షేత్ర పరిశీలన సార్."
ఆయన కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి
నలభై చేశారు.
గీత పలచగా పడింది.
కింద నా ఎనిమిది ఇంకా కనబడుతూనే ఉంది.

ఆ సాయంత్రం
అదే రెండడుగుల నాలుగంగుళాల్లో
అటునించి కన్నెమ్మ,
ఇటునించి నంబరింకా రాని ఒక పెట్టె.
ఆమె నెత్తిన రెండు బ్యాగులు, చంకన ఒకటి.
"దయచేసి దారి ఇవ్వండి."
పెట్టె ఆగింది. ఆమె ఆగింది.
వెనక గుండ్లన్నీ ఆగాయి,
చందనం ఆరుతూ.
బరువు మీద తల తిప్పడానికి లేదు కదా,
కళ్లు మాత్రం కిందికి దించి
ముందరి కుడిచక్రం చూసి అంది:

"కొత్తదేసినాడు మావాడు."